సున్నా నెంబరు డిస్కు

రెండువేల పదహారు జూన్ పద్నాలుగవ తేదీ, మంగళవారం, ఉదయం పది గంటలకు అరసవల్లిలోని మా ఇంటి ముందుగదిలో హాజరైనవారు, వయోక్రమంలో: దాలమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ళు, చేపల అమ్మకం, నేను, జగన్నాధం, డెబ్బై మూడు, విశ్రాంత తహసీల్దారు, నా భార్య పద్మకుమారి, దాలమ్మ కొడుకు గంగులు, నలభై నాలుగు, సముద్రపు వేట, గంగులు మేనకోడలు అనిత, ముప్పై ఒకటి, డే అండ్ నైట్ కూడలి దగ్గర కంప్యూటర్ల మరమ్మతు దుకాణం. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఏ పంచనామాలోనూ నేను ఈ క్రమం తప్పలేదు. ఆనాటి ప్రమాదానికి ఈ అలవాటే మూలం కనుక ముందుగానే చెబుతున్నాను.

దాలమ్మ ముప్పై ఏళ్ళు మా గుమ్మంలో గంప దించిన మనిషి. సముద్రం అడుగున చేపలు చేరే బండలు నలభై మూడు ఆమె భర్తకు తెలుసు. ఏ కొండ కొనకు ఏ తాడితోపు సరిగ్గా ఎదురుపడితే పడవ ఏ బండ మీద ఉన్నట్టో, ఆ గుర్తులు ఏ కాగితం మీదా లేవు. ఆయన పోయాక అవి దాలమ్మ నోట మాత్రమే మిగిలాయి. గంగులు నేర్చుకోలేదు, పదిహేనేళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద కూలికి పోయాడు. రెండేళ్ళ క్రితం నా భార్య ఒక్కొక్కటీ అడిగి చెప్పించగా, నేను దాలమ్మ గొంతును రికార్డు చేసి నా కంప్యూటరులో భద్రపరిచాను.

మొన్న ఫిబ్రవరిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, మాట, రెండూ పోయాయి. గంగులు వెరావల్ వదిలి వచ్చేసి తండ్రి పడవను బాగుచేయించుకున్నాడు. ఈ పద్నాలుగవ తేదీ రాత్రితో రెండు నెలల వేట నిషేధం ముగుస్తుంది. తెల్లవారితే అతడు పోవలసింది ఆ బండల మీదికే. తల్లి గొంతును ఫోనులోకి ఎక్కించుకోవడానికి ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని మరీ వచ్చాడు.

కంప్యూటరు తెరుచుకోలేదు.

ముందురోజు నేను చేసినది ఇది. ఆ యంత్రం తెరుచుకోవడానికి పావుగంట పట్టేది. చిందరవందరగా ఉన్న రిజిస్టరు నుంచి నకలు ఇవ్వడం నాకు అలవాటు లేదు. అందులో రెండు డిస్కులు. రెండువేల ఏడు నాటి పాతదానిలో యంత్రాన్ని నడిపించే వ్యవస్థ. రెండువేల పన్నెండులో వేయించిన కొత్తదానిలో దాలమ్మ గొంతు. పాతదాన్ని చెరిపి, వ్యవస్థను సీడీ నుంచి తిరిగి ఎక్కించాలని సంకల్పించి, ఇంగ్లీషులోని సూచనలన్నీ ఆసాంతం చదివాను. చెరపడం నిమిషంలో అయింది. ఎక్కించడం మాత్రం మధ్యలో నిలిచిపోయింది. అప్పటినుంచీ నల్లని తెర, దాని మీద ఒకే తెల్లని వాక్యం: నడవగల డిస్కు దొరకలేదు.

"ఏటి బాబూ, మా యమ్మ మాట అందులోనే ఉండిపోనాదా?" అన్నాడు గంగులు.

"మీ అమ్మ గొంతు వేరే డిస్కులో క్షేమంగా ఉంది. ఇది వ్యవస్థ లోపం. మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది."

"నిన్నా సరిపోతుందనే అన్నారు," అంది నా భార్య. "రెండు కాఫీలు చల్లారాయి గానీ అది మాత్రం వేడెక్కలేదు."

"సార్, ఒకసారి మూత తీసి సూడనా?" అంది అనిత, అమ్మమ్మ పక్కనుంచి.

"అవసరమైతే పిలుస్తాను," అని సీడీ పెట్టాను. తెర మీద రెండు వరుసలు వచ్చాయి: డిస్కు సున్నా, డిస్కు ఒకటి. రెండింటి పరిమాణమూ ఒకటే. నేను సున్నాను ఎంచుకున్నాను. ఎక్కించమంటారా అని యంత్రం అడిగింది.

"నిన్న సెరిపింది కూడా ఆ సున్నానేనా సార్?" అనిత నా వెనకకు వచ్చి నిలబడింది.

"అవును."

"అదే పాతదని ఎలా తెలిసింది?"

"పెద్దది ముందు, చిన్నది తర్వాత. ఏ జాబితాలోనైనా అంతే కదా."

నా వేలు మీట మీదికి దిగుతోంది. అనిత వంగి గోడలోని ప్లగ్గు ఒక్క లాగు లాగేసింది. తెర ఆరిపోయింది.

"ఒసే! తాసీల్దారు బాబింట్లో ఏటే ఆ పని?" అని గంగులు లేచాడు.

"ఇది శుద్ధ అవిధేయత," అన్నాను నేను. నా గొంతు నాకే బిగ్గరగా వినిపించింది.

"మావా, నువ్వు కూకో. సార్, తర్వాత తిట్టండి. ఇది వయసు సూసి నెంబరు ఇవ్వదు. ఏ తీగకి ఏ డిస్కు తగిలిస్తే దానికి ఆ నెంబరు."

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి మూత విప్పింది. మొదటి తీగ చివర ఉన్న డిస్కు మీది కాగితం చదవమని నాకు చూపింది. దాని మీద రెండువేల పన్నెండు అని ఉంది. అంటే, నేను చెరిపింది దాలమ్మ గొంతును.

"మరి పాతది బాగానే ఉంటే యంత్రం ఎందుకు నడవదు?" అన్నాను.

"కొత్తది బిగించినప్పుడు వ్యవస్థని మళ్ళీ ఎక్కించుంటారు. ఇల్లు పాతదాంట్లో కట్టారు, తాళంచెవి కొత్తదాంట్లో పెట్టారు. మీరు తాళంచెవి కూడా సెరిపేసారు."

గంగులు నేల మీద చతికిలబడ్డాడు. "అయితే పోనాదేనా?"

దాలమ్మకు మాట లేదు గానీ వినికిడి ఉంది. ఆమె ఎడమచేయి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉండొచ్చు," అంది అనిత. "నిమిషంలో అయిపోనాదంటే ఏది ఎక్కడుందో సెప్పే పట్టిక మటుకే సెరిగింది. లోపల సరుకు ఉంటాది. దాని మీద కొత్తది రాస్తేనే పోతాది. సార్, సెరిపాక ఎక్కించడం ఎన్నిసార్లు మొదలెట్టారు? ఒక్కసారే అయితే గంటలో పైపైన ఏరుకోవచ్చు. ఎక్కువసార్లయితే డిస్కంతా అంగుళం అంగుళం గాలించాలి, సాయంత్రం దాకా."

"ఒకసారి," అన్నాను.

నా భార్యకు నిజం తెలుసు. ముందురోజు సాయంత్రం ఆ గదిలోనే ఉంది. ఆ చల్లారిన కాఫీలు తెచ్చింది ఆమే. ఇతరుల వాంగ్మూలాలు వేలకొద్దీ నమోదు చేసినవాణ్ణి. నా సొంత వాంగ్మూలాన్ని మాత్రం తప్పుగా ఇచ్చాను.

"సవరణ," అన్నాను. "మూడుసార్లు."

గంగులు తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

అనిత ఆ డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. దాని మీద ఒక్క అక్షరమైనా రాయకుండా చదవడం మాత్రమే చేస్తానని చెప్పి వెతుకులాట మొదలుపెట్టింది. పన్నెండింటికి ఇరవై శాతం, ఏమీ దొరకలేదు. రెండింటికి నలభై ఐదు శాతం; నా పింఛను కాగితాలు, పాత ఫొటోలు. పద్మకుమారి పెరుగన్నం కలిపి దాలమ్మకు తినిపించింది. మిగిలినవారెవరూ కంచాల దగ్గరికి పోలేదు. కరెంటు రెండుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ అనిత బ్యాటరీ అంకె చూసింది, మేము అనిత ముఖం చూశాము.

నాలుగుంబావుకు పేరు లేని శబ్దం ఒకటి తేలింది. అనిత నొక్కింది. మొదట గంప దించిన చప్పుడు, ఆపైన గొంతు.

"దీపం కంబం ఎడంసేతికి పెట్టుకో. తాడితోపు కొండ మీదికెక్కిందాకా పో. ఎక్కిందా? ఇంక లంగరెయ్యి. ఏటమ్మా పద్మమ్మా, ఇంటన్నావా, నవ్వుతన్నావా?"

కుర్చీలో దాలమ్మ ఎడమచేయి పైకి లేచింది. గొంతు చెప్పిన వైపుకు ఆ చేయి చాచుకుంది. గంగులు ఆ చేతినే చూస్తూ, పెదవులు కదుపుతూ వల్లె వేసుకున్నాడు.

ఆరింటికి లెక్క తేలింది. నలభై మూడింటిలో ముప్పై ఎనిమిది దొరికాయి. మిగిలిన ఐదింటి మీద నేను ఎక్కించబోయిన వ్యవస్థ ముక్కలు పరుచుకుని ఉన్నాయి. అవి ఇక రావు.

"ఆ ఐదింటికీ బాధ్యత నాది," అన్నాను గంగులుతో.

"పోనీ బాబూ," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "ఆ ఐదు బండల కాడి సేపలకి మాత్రం మీరు నిషేధం పొడిగించినారు. బతుకుతాయి."

నా భార్య నవ్వింది. దాలమ్మ కూడా సగం ముఖంతో నవ్వింది. వారిని ఆటో ఎక్కించడానికి నేను వీధి దాకా వెళ్ళాను. అలా వెళ్ళడం నాకు అలవాటు కాదు.

హాజరైనవారి క్రమాన్ని మార్చడం లేదు. ఒకసారి రాసినదాన్ని దిద్దడం పద్ధతి కాదు. అందులో చివర ఉన్న అనిత, ఆ ఉదయం, గృహయజమాని అనుమతి లేకుండా, అతని చేయి మీట మీద ఉండగా గోడ నుంచి తీగ లాగివేసినది. దానిని నేను అందరి ఎదుట అవిధేయత అన్నాను. నాలుగవసారి ఆ మీట పడి ఉంటే ముప్పై ఎనిమిదిలో ఎన్ని మిగిలేవో చెప్పలేనని ఆమే అన్నది. ఆమె చర్య సకాలమూ సక్రమమూ అయినదనీ, నా మాట తప్పనీ, దాలమ్మ గొంతు దక్కినది ఆ చర్య వల్లనేననీ అంగీకరిస్తూ నా సంతకం చేసి, ఒక ప్రతిని ఆమె దుకాణానికి స్వయంగా తీసుకువెళ్ళి అందజేశాను.