మొదటి ఎనిమిది గదులు

ఆ చవక హోటళ్ల కంపెనీ ఆమె మేనమామ లాడ్జిలోని ఎనిమిది గదులతోనే మొదలైంది. దుప్పటి ముడత పడకుండా పరచడం మేనకోడలికి ఆయనే నేర్పాడు. ఆరేళ్లలో కంపెనీ మూడు పువ్వులు ఆరు కాయలుగా పెరిగి తొమ్మిది వందల హోటళ్లకు తన పేరు బోర్డు కట్టింది. ఆమె ఆ కంపెనీలోనే తనిఖీ అధికారి అయింది. ఏ ఊళ్లో నిద్రలేచినా అదే పసుపు గోడ, అదే దిండు. ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటే గాని తెలిసేది కాదు.

ఈసారి తనిఖీకి మావయ్య లాడ్జే వచ్చింది. కొత్త నిబంధన ప్రకారం కిటికీలు చిన్నవి. ఆమె రెండుసార్లు కొలిచి, పనికిరాదని రాసింది.

"కిటికీ పెద్దదైతే నిద్ర ఎక్కువ పడుతుందా ఏంటే?" అన్నాడు మావయ్య.

"రూలు మావయ్యా. బోర్డు తీసెయ్యాలి. నిచ్చెన ఉందా?"

ఆయనే తెచ్చి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి మేకులు ఊడదీసి బోర్డు కిందికి అందించింది. తన మనసులో ఏదైనా కదులుతుందేమోనని కాసేపు నిచ్చెన మీదే ఆగింది. ఏమీ కదల్లేదు.

"ఏడుపొస్తుందనుకున్నాను మావయ్యా. రావట్లేదు."

"నాకూ రావట్లేదమ్మా. దిగి చేతులు కడుక్కో, తుప్పంటింది."

ఆమె దిగి, చేతులు కడుక్కుని, తర్వాతి హోటల్ చిరునామా వెతుక్కుంది.