మర్యాదకి లోటు

దరఖాస్తులు పోగుచెయ్యడమంటే క్రిస్మస్ చందాలు పోగుచెయ్యడం లాంటిదే అనుకున్నాడు దేవదానం మేష్టారు. గుమ్మంలో నిలబడి ఒక దణ్ణం పెడితే ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్ళు, కాగితం మీద సంతకం పెట్టరా ఏం అనుకున్నాడు. పాపం, మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించుకునే మనిషి. గవర్నమెంటుని దూరంనించి చూడటమే గాని దగ్గరికెళ్ళి తాకింది లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!

సంగతేమిటంటే, ఎనభై ఒకటో సంవత్సరంలో చేతిపనులవాళ్ళ కోసం సర్కారు ఒక పథకం పెట్టింది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాళ్ళంతా ఒక సంఘంగా చేరి దరఖాస్తులు పెట్టుకోవాలి. కాకినాడనించి ఆఫీసరు వచ్చి చూస్తాడు. వీళ్ళు నిజంగా ఆ పనే చేసుకుని బతుకుతున్నారని ఆయన రాస్తే మనిషికో కొత్త రాట్నం, అందరికీ కలిపి ఒక షెడ్డు వస్తాయి. ఈ మాట అమలాపురంలో ఎవరో చెప్పగా విని, దేవదానం సైకిలు మీద వెళ్ళి ఫారాల కట్ట తెచ్చుకున్నాడు.

అంబాజీపేట వైపు కాలవగట్టున ఉంటుంది నేరేడులంక. ఊరికి చివరగా, చర్చి చుట్టూ, దేవదానం వాళ్ళ పేట. ఆడా మగా అందరిదీ పీచు పనే. కొబ్బరి డొక్కల్ని గట్టునున్న గోతుల్లో నెలల తరబడి నానేసి, కుళ్ళేక తీసి, కర్రలతో చితక్కొట్టి, ఆ పీచు ఎండబెడతారు. ఒకరు రాట్నం తిప్పుతుంటే ఇద్దరు పీచు ఒళ్ళో పోసుకుని, పేనుకుంటూ వెనక్కి నడుస్తారు. "పుట్టిందగ్గర్నించీ వెనక్కి నడిచేవోళ్ళం, ముందుకెప్పుడెళ్తామే" అని నవ్వుతూ ఉండేది నాగమణి. నాగమణి దేవదానానికి అక్క. మొగుడు పోయిన మనిషి. అలా వెనక్కి నడిచి నడిచే తమ్ముణ్ణి ట్రెయినింగు చదివించి మేష్టార్ని చేసింది.

రాట్నాలూ డొక్కలూ మాత్రం వీళ్ళవి కావు, వీరవెంకటరమణగారివి. పొద్దున్నే వెళ్ళి ఆయన షెడ్డు ముందు నిలబడాలి. ఆయన ఎవరివైపు వేలు చూపిస్తే వాళ్ళకి ఆ పూట పని, మిగతావాళ్ళు ఇంటికి. ఆ ఏడు నాగమణి టైఫాయిడు పడి లేచింది. లేచిన దగ్గర్నించీ ఆ వేలు ఆమెవైపు తిరగడం తగ్గిపోయింది. తమ్ముడి జీతం మీద తింటూ కూర్చోవడం ఆమెకి చచ్చేంత నామోషీ. ఆమెకి ఒక రాట్నం కావాలి, ఎవరి వేలూ అక్కర్లేని రాట్నం. దేవదానం ఈ తతంగమంతా నెత్తినేసుకున్నది అందుకే.

రమణగారు ఎవర్నీ ఒక్క మాట అనే మనిషి కాదు. మెత్తని మనిషి. దరఖాస్తుల సంగతి చెవినపడగానే దేవదానాన్ని పిలిచి, మంచినీళ్ళు ఇప్పించి, చాలా సంతోషమన్నాడు.

"ఇంక మీవాళ్ళే ఓనర్లు కదండీ మేష్టారూ. ఓనర్లని పట్టుకుని కూలికి పిలిస్తే నాకు పాపం చుట్టుకోదాండీ" అన్నాడు.

అంటే సంతకం పెట్టినవాళ్ళకి షెడ్డులో పని లేదని. ఎంత తియ్యగా చెప్పాడు చూడండి! ఆ రోజునించీ దేవదానం గుమ్మంలో నిలబడితే మగాళ్ళు పెరట్లోకి పోయేవారు, ఆడాళ్ళు రేపు రమ్మనేవారు. చివరికి ఆదివారం ప్రార్థన అయ్యాక నాగమణే లేచింది. తమ్ముడు నేర్పిన వంకరటింకర అక్షరాలతో అందరి ముందూ మొదటి సంతకం తనే పెట్టింది.

"పెట్టండర్రా. మా తమ్ముడు మనల్ని గోదాట్లో ముంచుతాడేంటి" అంది.

ఆ ఒక్క మాట మీద పేటంతా పెట్టింది. కాగితాలన్నీ అమలాపురంలో ఇచ్చి, దేవదానం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇచ్చాక తెలిసింది, గవర్నమెంటు నడక రాట్నం దగ్గర నడకకన్నా నెమ్మదని. రమణగారి షెడ్డు మూతపడింది, ఆయన గోతులూ ఎండిపోయాయి. అటకల మీద పాడైపోయిన తాతలనాటి రాట్నాలుంటే దింపి, విరిగిన చువ్వలు కట్టుకుని, తోటల్లో డొక్కలు అడుక్కొచ్చి, సొంతానికి గోతులు వేసుకున్నారు. పేనిన తాళ్ళు సంతలో అమ్ముకునేవారు. అమ్ముడైన వారం అన్నం, కాని వారం గంజి. ఎవరూ దేవదానాన్ని ఏమీ అనలేదు. ఆఫీసరుగారెప్పుడొస్తారు మేష్టారూ అని మాత్రం అడిగేవారు. 

నెలలు గడిచాక, ఎట్టకేలకు కబురొచ్చింది. గురువారం వస్తున్నారు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక దేవదానం ఆ మాట చెప్పి, కాస్త శుభ్రంగా ఉంచుకోండి అని ఒక ముక్క చేర్చాడు. వాకిళ్ళు ఊడుస్తారులే అనుకున్నాడంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డొక్కలు కుళ్ళే గోతుల వాసన అంతా ఇంతా కాదు. పేట ముందునించి వెళ్ళే ఊళ్ళోవాళ్ళు ఎవరైనా సరే, ఉత్తరీయమో చీరచెంగో ముక్కుకి అడ్డం పెట్టుకునే వెళ్ళేవారు. తాతలు చూశారు ఆ ముక్కులు మూసుకోవడం, తండ్రులు చూశారు, వీళ్ళూ చూస్తున్నారు. అది వాసన గురించేనా, తమ గురించా అన్నది ఎవరూ పైకి అనుకునేవారు కాదు. ఇప్పుడు సాక్షాత్తూ కాకినాడనించి ఆఫీసరు తమ పేటకి వచ్చి, తమ వాకిట్లో కూర్చోబోతున్నాడు. ఆయన ముక్కు మూసుకోకూడదు. ఇదీ నాగమణి పట్టిన పట్టు.

ఇంకేముంది! సోమవారంనించీ పేటంతా నడుం బిగించింది. గోతుల్లో ఇంకా నానని డొక్కల్ని సైతం తీసి కాలవలో వదిలేశారు. కొత్త రాట్నాలొచ్చాక కొత్త డొక్కలు వేసుకోమా ఏం అన్నారు. గోతుల నిండా ఇసక పోసి, పైన ముగ్గులు పెట్టారు. ఏళ్ళ తరబడి గుట్టలు పడిన పీచు పొట్టు తగలబెట్టి బూడిద ఎత్తిపోశారు. గోడలకి సున్నం వేశారు. ఆ ముసలి రాట్నాల్ని చూస్తే ఆఫీసరు ఏమనుకుంటాడో అని మొహమాటపడుతుంటే, రమణగారే మనిషిచేత కబురంపాడు. ఆఫీసరుగారు వస్తున్నారంటే ఊరందరికీ పరువేననీ, ఆ రాట్నాలు తన షెడ్డులో పెట్టుకోమనీ, కుర్చీలూ వెండిగ్లాసూ కావాలంటే పట్టుకెళ్ళమనీ. చూశావా, ఆయన కూడా దిగొచ్చాడని దేవదానం మురిసిపోయాడు. రాట్నాలు తనే దగ్గరుండి మోయించి, కుర్చీలు తెచ్చుకున్నాడు. సున్నం వేసిన పేటని బుధవారం సాయంత్రం కాలవ అవతలినించి చూసుకుంటే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత అందంగా ఉంటుందా మా పేట అనుకున్నాడు.

ఆఫీసరుగారు గురువారం పన్నెండు దాటాక జీపులో దిగారు. నడివయసు మనిషి. నిదానస్తుడు. మంచివాడే, ఆ మాట చెప్పకపోతే పాపం. జీపు దిగుతూ ఆయన గట్టిగా ఊపిరి పీల్చడం పేటంతా చూసింది. ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాగమణి దేవదానంవైపు చూసి తల ఊపింది. ఆడాళ్ళందరూ చర్చికి కట్టుకునే తెల్లచీరల్లో, మగాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో వరసగా నిలబడ్డారు. బొండాం కొట్టి ఇచ్చారు. తర్వాత భోజనం. తినరేమోనని అందరికీ లోపల గుబులు. ఇంతవరకూ ఏ ఆఫీసరూ ఆ పేటలో చెయ్యి కడగలేదు మరి. ఆయన హాయిగా చేతులు కడుక్కుని కూర్చున్నారు. కోడికూర, చేపల పులుసు, గారెలు, ఆఖర్న కాజా. ఏదీ వద్దనలేదు. రెండోసారి పులుసు అడిగితే నాగమణి గిన్నె అడుగుదాకా ఊడ్చి వడ్డించింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ విస్తట్లో ఉన్నదంతా పేట నాలుగురోజులు కడుపు కట్టుకుని, ఉన్న తాళ్ళన్నీ సంతలో అమ్మి పెట్టిందే.

చెయ్యి తుడుచుకుని ఆయన ఫైలు విప్పారు. మీరంతా తాళ్ళు పేనేవాళ్ళేనా అని అడిగారు.

"ఆయ్" అన్నారందరూ ఒక్కసారి.

మరి ఇవాళ పని లేదా అన్నారు. తమరొస్తన్నారని మానేసేమండి అన్నారు. రాట్నాలేవి అన్నారు. రమణగారి షెడ్డులో ఉన్నాయండి అన్నారు. ఆయన కలం పట్టుకుని ఆగారు.

దేవదానానికి అప్పటికి గాని కాళ్ళకింద నేల కదలలేదు. గబగబా షెడ్డుకి మనిషిని పరిగెత్తించాడు. షెడ్డుకి తాళం. రమణగారు పెళ్ళికని రావులపాలెం వెళ్ళారు, తాళంచెవి మొలతాట్లో. కావాలనే వెళ్ళాడో, నిజంగా పెళ్ళే ఉందో, ఇవాళ్టిదాకా ఎవరికీ తెలీదు.

తాళం అయ్యగారిది, షెడ్డు అయ్యగారిది, లోపలున్న రాట్నాలు మాత్రం మీవంటే ఎలా నమ్మను మాష్టారూ అని ఆఫీసరు నెమ్మదిగానే అడిగారు. దేవదానం అక్క చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూపించాడు. కాయకష్టం చేసే చేతులన్నీ అలాగే ఉంటాయన్నారాయన. మళ్ళీ ఒక్కసారి రమ్మని బతిమాలాడు. ఈ నెలాఖరుకి జాబితా వెళ్ళిపోవాలి, సాయంత్రానికి రాజోలులో ఉండాలి, నా చేతిలో లేదన్నారు.

"డొక్కలు నానేసే ఊరైతే రోడ్డు మీదే తెలిసిపోతుంది మాష్టారూ. ముక్కు పగిలిపోతుంది. ఇక్కడ ఆ వాసనే లేదు కదా" అన్నారు.

అంతే, దేవదానానికి ఒళ్ళు తెలీలేదు. గునపం లాక్కుని గట్టు మీదికి పరిగెత్తాడు. ముగ్గు తొక్కుకుంటూ వెళ్ళి గోతిలో ఇసక పెళ్ళగించడం మొదలెట్టాడు. ఇస్త్రీ చొక్కా నిండా బురద. మోకాళ్ళ లోతు తవ్వేసరికి నల్లని మడ్డి పైకొచ్చింది, దాంతోపాటు పాత కంపు గుప్పున లేచింది. రండి సార్, చూడండి సార్, ఇదే సార్ అని కేకలు పెట్టాడు. ఎంత తవ్వినా ఒక్క డొక్క తగిలితేనా. అన్నీ కాలవలో వదిలేశారాయె.

ఆఫీసరుగారు జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నారు.

ఆ రుమాలు చూడగానే నాగమణి ఒక్క అంగలో వచ్చి తమ్ముడి చేతిలో గునపం పట్టుకుంది. 

"ఆపరా! ఆయన ఇప్పుడే గదరా అన్నం తిన్నారు" అంది.

దేవదానం ఆమెకేసి చూశాడు. ఎందుకు తవ్వుతున్నాడో ఈవిడకి అర్థం కావడం లేదా, అర్థమయ్యే ఆపుతోందా? ఆమె పాదంతో ఇసక తోసి గొయ్యి పూడ్చింది.

కాలవగట్టు ఎక్కడ తవ్వినా మడ్డే వస్తుందని ఆఫీసరు అనునయంగా చెప్పారు. వెళ్తూ వెళ్తూ దేవదానం భుజం తట్టారు. "చక్కగా బతుకుతున్నారు, చాలా సంతోషం. నేను తిరిగిన ఊళ్ళల్లో ఇంత శుభ్రమైన పేట చూళ్ళేదు. ఇంతకంటే కష్టంలో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు మాష్టారూ, ముందు వాళ్ళకి ఇవ్వాలి కదా" అన్నారు. చేతులకి బురద ఉందే అనుకుంటూనే దణ్ణం పెట్టాడు. జీపు వెళ్ళిపోయింది. కుర్చీలు తిరిగిచ్చెయ్యాలి కనక వాటిని కడగడానికి కూర్చున్నాడు.

మర్నాడు రమణగారు పెళ్ళినించి వచ్చి విని ఎంతో నొచ్చుకున్నాడు. రాట్నాలు ఇప్పుడు మళ్ళీ మోసుకుపోవడం దేనికండీ, ఎక్కడివక్కడే ఉండనివ్వండి, వచ్చి పని చేసుకోండి అన్నాడు. గోతులు లేవు, డొక్కలు లేవు, ఇంట్లో గింజలు లేవు. ఎవరు మాత్రం ఏం చేస్తారు? పొద్దున్నే వెళ్ళి షెడ్డు ముందు నిలబడ్డారు. తమ తాతల రాట్నాల మీదే, రమణగారి డొక్క, రమణగారి కూలి.

సోమవారం స్కూలుకి వెళ్తూ దేవదానం ఆ దారినే వెళ్ళాల్సొచ్చింది. తల దించుకుని వెళ్ళిపోదామనుకున్నాడు. కాని షెడ్డు బయట, చూరు కింద, అక్క ఒక్కతే నిలబడి ఉంది. లోపల, అటక మీంచి దింపుకున్న వాళ్ళ నాన్న రాట్నం తిరుగుతోంది. దాన్ని ఇంకెవరో తిప్పుతున్నారు. వేలు ఆ పూట కూడా ఆమెవైపు తిరగలేదన్నమాట. సైకిలు దిగి పక్కన నిలబడ్డాడు. తిట్టవే అక్కా అందామనుకున్నాడు. నిజంగానే గోదాట్లో ముంచేనే అందామనుకున్నాడు.

నాగమణే అడిగింది, రాట్నం మీంచి చూపు తిప్పకుండానే.

"పోనీలేరా. మనవైపునించి మర్యాదకి లోటేం జరగలేదు కదా?"

"లేదక్కా. ఏ లోటూ జరగలేదు" అన్నాడు దేవదానం.