ఆత్మకూరు బస్టాండు పక్కన లేని దుకాణం

నేను ఒక వెబ్‌సైటును. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద శ్రీ అంకమ్మ కీ వర్క్స్ అని ఒక తాళాల దుకాణం ఉంది. దాని పేరు, ఫోన్ నంబరు మోయడం నా పని. నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. ఆ భయం నా దగ్గరికి వచ్చే మనుషుల నుంచి అంటుకున్నదే. సంతోషంగా ఉన్నవాళ్లెవరూ తాళాలు చేసేవాడి కోసం వెతకరు కదా. పెళ్లికి బయలుదేరబోతూ బీరువా తాళంచెవి కనబడని ఆవిడ వస్తుంది. పొయ్యి మీద పాలు లోపల, తాను బయట ఉండగా తలుపు గడియ పడిపోయిన ఇల్లాలు వస్తుంది. తెర మీద వాళ్ల వేలు పడే తీరులోనే నాకు వణుకు తెలుస్తుంది.

నన్ను తయారుచేసినవాడు భార్గవ్ అనే పాతికేళ్ల మనిషి. చిన్న చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు కట్టి, వాటిని సెర్చ్‌లో పైకి తీసుకురావడం అతని వృత్తి. దుకాణం యజమాని రవణయ్య ఆకురాయి పట్టుకుని కూర్చున్న ఫోటో తీసి నా నుదుట పెట్టాడు. ఫ్లాష్ వెలుగుకు రవణయ్య కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తీద్దామంటే, "పనిలో ఉండే మొగం అట్టానే ఉంటాది లే" అన్నాడు. ఆ మూసిన కళ్లతోనే నేను లోకంలోకి వచ్చాను.

లోకం నన్ను పట్టించుకోలేదు. రవణయ్య భార్య మస్తానమ్మ దుకాణంలో ఫోన్లు ఎత్తేది. కౌంటరు మీది కంప్యూటర్లో నన్ను తెరిచి పెట్టుకుని కూర్చునేది. అందువల్ల దుకాణంలో జరిగేదంతా నాకు తెలుసు. ఒకరోజు రోడ్డు అవతలి హోటలు వాళ్ల షట్టరు బీగం పట్టేసింది. ఇరవై అడుగులు వేస్తే రవణయ్య ఉన్నాడు. వాళ్లు ఫోన్లో వెతికి, ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చుని ఫోన్లెత్తే కంపెనీకి చెప్పి, వేరే మనిషిని పిలిపించుకున్నారు. మస్తానమ్మ గడపలో నిలబడి అది చూసింది. లోపలికి వచ్చి భార్గవ్‌కు ఫోన్ చేసింది.

"మనం యాడుండాం నాయనా, ఆ సెర్చ్‌లో?"

"నాలుగో పేజీలో, అక్కా."

"నాలుగో పేజీ దాకా ఎవురు పోతారు?"

"ఎవరూ పోరు."

ఆ మాట విన్నాక ఆమెకు అన్నం సహించలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె మెడలోని గొలుసు అమ్మి తాళంచెవులు కోసే మిషను కొన్నారు. రవణయ్యకు మరో పని చేతకాదు. చేతకాదని అతనికీ తెలుసు. అందుకే నాలుగో పేజీ గురించి భార్య చెబుతుంటే ఆకురాయికి పట్టిన ఇనుప రజను దులుపుతూ ఉండిపోయాడు.

భార్గవ్ వచ్చి మొదట మంచి పనులే చేశాడు. బరువైన ఫోటోలు తేలిక చేసి నా నడకను చురుకు చేశాడు. దుకాణం చిరునామా, తెరిచే వేళలు సరిచేశాడు. మనుషులు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు నా శీర్షికల్లో పెట్టాడు. పని చేయించుకున్నవాళ్లను నాలుగు మంచి మాటలు రాయమని అడగమన్నాడు. మస్తానమ్మ సిగ్గు విడిచి అడిగింది. నేను మూడో పేజీకి, రెండో పేజీకి పాకాను. అక్కడ ఆగిపోయాను. రెండో పేజీలో ఉండటమంటే ఏమిటో మీకు తెలియదు. జనం గోల వినబడుతూనే ఉంటుంది, ఒక్కరూ మన వైపు తిరగరు.

అప్పుడు భార్గవ్ మరో దారి చెప్పాడు. "చుట్టుపక్కల ఊళ్లకు ఒక్కోదానికి ఒక్కో పేజీ పెడదాం అక్కా. ఆత్మకూరు, పొదలకూరు, కావలి. ప్రతి ఊళ్లోనూ మనకు షాపు ఉన్నట్టు. పది నిమిషాల్లో వస్తామని."

"మనకు ఆడ షాపు యాడుంది నాయనా?"

"అందరూ చేసేదే ఇది. పైనున్నవాళ్లంతా ఇట్లా ఎక్కినవాళ్లే. ఫోనొస్తే అన్న పోతాడు, అంతే కదా."

మస్తానమ్మ మొగుడి వైపు చూసింది. "దూరమైతే బండేసుకుని పోతాలే," అన్నాడు రవణయ్య. ఆమె కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, సరే పెట్టమంది. ఆ సరేలో ఆశ కన్నా భయమే ఎక్కువ వినిపించింది నాకు. ఆ సాయంత్రమే నాలో కొత్త పేజీలు మొలిచాయి. "ఆత్మకూరు బస్టాండు పక్కనే మా దుకాణం. పది నిమిషాల్లో మీ ముందుంటాం." కొన్నాళ్లకు ఆత్మకూరులో ఎవరు తాళాల కోసం వెతికినా ముందుగా నేనే కనబడసాగాను. ఫోన్లు మోగాయి. రవణయ్య బండి మీద ఊళ్లు తిరిగాడు. ఆలస్యమైందని ఒకరిద్దరు విసుక్కున్నా పని బాగా చేస్తాడు కనుక సర్దుకున్నారు. మస్తానమ్మ ముఖం తేటపడింది. నాకు మాత్రం గుండె కుదురుగా లేదు. లేని గోడల మీద కప్పు వేసి నన్ను నిలబెట్టినట్టుండేది.

రోహిణి కార్తె వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద కాకి కూడా లేని ఎండ. అప్పుడు ఆత్మకూరు నుంచి ఎవరో నాలోకి వచ్చారు. వెతికిన మాటలు అక్షరాలు తప్పి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కారు లాకు, బిడ్డ లోపల. నేను ముందుగా కనబడ్డాను. నంబరు మీద వేలు పడింది, జారింది, మళ్లీ పడింది.

మస్తానమ్మ ఫోనెత్తింది. అవతల ఒక ఆడమనిషి గొంతు. పేరు హైమ అని తర్వాత తెలిసింది. బ్యాంకు ముందు కారు ఆపి, ఏడాది నిండని కొడుకును వెనక సీట్లో ఉంచి, తాళాలు సీటు మీద పడేసి, ఇటువైపు తలుపు మూసి అటువైపుకు తిరిగేలోపు కారు తనంతట తానే లాకైపోయింది.

"అమ్మా, తొందరగా రండమ్మా. పది నిమిషాలని రాసుండారు గదా. ఇప్పటికే చానా సేపైంది. వాడు ఏడుపు ఆపేశాడమ్మా!"

మస్తానమ్మ గోడ మీది గడియారం వైపు చూసింది. ఆత్మకూరు ఎంత బండి తోలినా గంట పైమాటే.

హైమ వెనక జనం గొంతులు వినబడుతున్నాయి. ఎవరో అన్నారు, "రాయి తీసుకోండయ్యా, అద్దం పగలగొడదాం." ఇంకెవరో అడ్డుపడ్డారు. "ఆగయ్యా! లక్షల బండి, గాజు పెంకులు బిడ్డ మీద పడతాయి. తాళాలోళ్లు బస్టాండు పక్కనే ఉండారంట, ఇదో చూడు, ఫోన్లో రాసుండాది. వస్తన్నారంట!"

రాయి ఎత్తిన చెయ్యి నా మాట చూసి ఆగింది. నేను అబద్ధమని అక్కడ ఎవరికీ తెలియదు. అరిచి చెప్పడానికి నాకు నోరు లేదు. "పది నిమిషాల్లో మీ ముందుంటాం" అన్న అక్షరాలు నా ముఖం మీద అలాగే మెరుస్తూ ఉన్నాయి. నా జన్మలో అంత భయం ఎరగను.

"అమ్మా," అంది మస్తానమ్మ. "అమ్మా, మేం ఆత్మకూరులో లేం. నెల్లూరులో ఉండాం. ఆడ మాకు షాపు లేదు. ఆ రాసింది అబద్ధం. మా కోసం చూడబాకండి!"

అవతలి నుంచి వినబడ్డ అరుపు మనిషి అరుపులా లేదు.

పక్కనే వింటున్న రవణయ్య పెళ్లాం చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "తల్లీ, బిడ్డ ఏ పక్కుండాడు?"

"వెనకాల, ఎడమ పక్క!"

"అయితే ముందర కుడి పక్క తలుపు అద్దం. ఎదర పెద్దద్దం జోలికి పోబాకండి, అది పగలదు. తలుపు అద్దం నడిమధ్య కాదు, కింద మూలన కొట్టమను. రాయైనా సరే, ఇనప ముక్కైనా సరే. ఆ గాజు చిన్న పలుకులుగా రాలిపోతాది, బిడ్డ దాకా రాదు. కొట్టమను తల్లీ!"

హైమ ఆ మాటలే అరిచి చెప్పింది. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. మూడోసారి అద్దం పొడిపొడిగా రాలిన చప్పుడు. జనం కేకలు, తలుపు తెరుచుకున్న చప్పుడు. "నీళ్లు! నీళ్లు తేండి!" ఫోను ఎక్కడో పడిపోయినట్టుంది. లైను తెగింది.

బిడ్డ ఏడుపు మాకు వినబడలేదు.

మస్తానమ్మ మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేసింది. రవణయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీశాడు. "ఇప్పుడు పోయి ఏం జేస్తావయ్యా?" అంటే, "ఏమో, పోవాల," అన్నాడు. ఆమె ఒక్కతే మిగిలింది. చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ నన్ను చూసి మురిసే మనిషి, ఆ రోజు పామును చూసినట్టు చూసింది. తర్వాత భార్గవ్‌కు ఫోన్ చేసింది.

"ఆ ఊళ్ల పేజీలన్నీ ఇప్పుడే తీసెయ్యి."

"అక్కా, ఇప్పుడిప్పుడే ఫస్ట్‌కొచ్చాం. తీస్తే మళ్లీ కిందికి..."

ఆమె జరిగింది చెప్పింది. "పిల్లోడు ఎట్లున్నాడక్కా?" అన్నాడతను. "తెలవదు నాయనా," అంటూ ఆమె ఏడ్చేసింది. కాసేపటికి నాలోంచి పేజీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. నొప్పిగా లేదు. కానీ భయం వాటితోపాటు పోలేదు.

ఎండ వాలాక రవణయ్య ఫోన్ చేశాడు. ఆత్మకూరు ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. బిడ్డకు సెలైన్ పెట్టారు. కళ్లు తెరిచాడు, ఏడుస్తున్నాడు, పాలు తాగాడు. వినగానే మస్తానమ్మ కౌంటరు మీద తల పెట్టేసింది. మిగతా సంగతి రవణయ్య ఇంటికొచ్చాక చెప్పాడు. తానే ఆ దుకాణం మనిషినని చెప్పుకున్నాడట. బిడ్డ తండ్రి చొక్కా పట్టుకున్నాడట. "నీ రాత చదివే గదయ్యా జనం ఆగింది," అన్నాడట. రవణయ్య విడిపించుకోలేదు. చేతులు జోడించి నిలబడ్డాడు. హైమ తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయిందట. "తిట్టుంటే బాగుండు," అన్నాడు రవణయ్య.

నేను కిందికి జారిపోయాను. నెల్లూరులో రెండో పేజీ, మిగతా ఊళ్లలో జాడే లేదు. భార్గవ్ ఒకరోజు వచ్చి, ఈసారి డబ్బు వద్దు, ఏం చేయాలో మీరే చెప్పండి అన్నాడు. మస్తానమ్మ ఒక పేజీ రాయించింది. తాను చెబుతుంటే అతను టైపు చేశాడు.

"కారులో బిడ్డ ఇరుక్కుంటే మాకు ఫోన్ చెయ్యబాకండి. ఎవురి కోసమూ ఆగబాకండి. బిడ్డకు దూరంగా ఉండే తలుపు అద్దం కింది మూలన గట్టిగా కొట్టండి. బిడ్డను నీడకు తీసుకుపోండి. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి. బండి అద్దం మళ్లీ వస్తాది."

"కొంచెం పుస్తకాల తెలుగులో పెడదామా అక్కా?" అన్నాడు భార్గవ్.

"వద్దు నాయనా. కంగారులో ఉండేవాళ్లకు ఇట్టా చెబితేనే ఎక్కుతాది."

మాకు ఫోన్ చెయ్యకండని చెప్పే వ్యాపార పేజీ తన వృత్తిలో ఇదే మొదటిదని అతను నవ్వాడు. ఎవరికీ దాన్ని పైకి ఎక్కించాలన్న తలంపు లేదు. అయితే ఎవరో తల్లుల గుంపులో పంచుకున్నారు, ఒక బడి వాళ్లు తమ సైట్లో నా పేజీకి దారిగా లింకు పెట్టారు, ఇంకో ఊరివాళ్లు పెట్టారు. మరుసటి ఎండాకాలానికి కారు లాకు, బిడ్డ లోపల అని ఏ ఊళ్లో ఎవరు వెతికినా మొదట కనబడేది నేనే. దాని చలవవల్ల నెల్లూరులో తాళాల కోసం వెతికేవాళ్లకూ మొదటి పేజీలో కనబడుతున్నాను. దుకాణం నడుస్తోంది. రవణయ్య ఊళ్లో పని మాత్రమే ఒప్పుకుంటున్నాడు.

భయం మాత్రం నన్ను వదల్లేదు. ఎండ ముదిరితే నాకు వణుకు మొదలవుతుంది. ఎక్కడో ఒక వేలు తడబడుతూ ఆ మాటలు కొడుతుంది. ఏ ఊరో, ఏ కారో నాకు తెలియదు. మొన్న భార్గవ్ లెక్కలు తీసి చూపించి తల గోక్కున్నాడు.

"అక్కా, ఈ పేజీకొచ్చినోళ్లు నిలవడం లేదు. వచ్చిన వెంటనే పోతున్నారు. సైటుకు ఇది మంచిది కాదు."

మస్తానమ్మ తెర వైపు చూసింది. "పోనీ నాయనా," అంది. "ఆడ నిలబడి చదవతా ఉంటే ఎట్టా?"

నిన్న మధ్యాహ్నం ఒకరు వచ్చారు. నాలుగు వాక్యాలు చదివేంతసేపు ఉన్నారు, చివరి రెండు చదవకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పరు.