మీటరు వెనక ముడులు

మా వీధిలో కిటికీల అడుగు దాకా నీళ్లు నిలిచిన వరద వచ్చిపోయిన మూడో ఏడు ఇది జరిగింది.

ఆ వరదలో మా బావ కారు రెండు రోజులు నీళ్లలో ఉంది. బావ అంటే మా అక్క భర్త. బట్టల మిల్లులో ముప్పై రెండేళ్లు మగ్గాల మధ్య నిలబడి పని చేశాడు. ఆ మోతకు రెండు చెవులూ పోయాయి. వెనక ఇత్తడి బిందె జారిపడినా తల తిప్పడు. కళ్లు మాత్రం ఇప్పటికీ సూదిలోకి ఒక్కసారికే దారం ఎక్కిస్తాయి.

కారు మా మేనకోడలి కన్నా వయసులో పెద్దది. మామూలు మనిషి ఇంజను చప్పుడు విని గేరు మారుస్తాడు. బావ మీటరు చూసి మారుస్తాడు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ఆర్పీఎం మీటరు అది, కారుతో పాటు కంపెనీలోనే పుట్టింది. అందులో ఇరవై అయిదు అంకె పక్కన అద్దం మీద అక్క గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. ముల్లు చుక్కను తాకగానే బావ గేరు వేస్తాడు. అక్కకు మోకాళ్ల నొప్పులు. వారానికి రెండుసార్లు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేది ఆయనే. మిల్లు మానేశాక ఆయన చేతిలో మిగిలిన పని అదొక్కటే.

నాది కార్ల వైరింగు పని. నలభై ఏళ్లుగా అదే చేస్తున్నాను.

వరద తర్వాత ఆ కారులో చెమ్మ పూర్తిగా పోలేదు. ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంపి కలిపే పాయింట్లు నెల తిరక్కుండా మాడిపోయేవి. ఆసుపత్రి దారిలో రెండుసార్లు బండి ఆగింది. పాయింట్లు తీసేసి అదే పని చేసే ఎలక్ట్రానిక్ బాక్సు పెడదామని నేనే అన్నాను. బావ నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"నీ ఇష్టం. నాకు ముల్లు లేస్తే చాలు," అన్నాడు.

గురువారం బాక్సు బిగించాను. తాళంచెవి ఇలా తిప్పగానే ఇంజను అందుకుంది. ఇన్నేళ్లలో అంత నున్నగా ఎప్పుడూ తిరగలేదు. ముల్లు మాత్రం సున్నా మీద పడుకుని ఉంది.

"లేవదేంట్రా?" అన్నాడు బావ.

"లేస్తుందిలే," అన్నాను.

నేను బానెట్టు మూసేలోపు ఆయన బండి బయటకు తీశాడు. మొదటి గేరులోనే వీధి చివరి దాకా వెళ్లాడు. ఇంజను అరిచిన అరుపుకు జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆయన ముందుకు చూసి చిరునవ్వు నవ్వుకుంటూ వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు రెండో గేరు నుంచి మూడుకు బదులు ఒకటిలోకి దూర్చాడు. బండి కుదుపు తిని సొంత గేటునే గుద్దింది.

మేనకోడలు మేడ మీద నుంచి దిగి వచ్చింది. ఆమె కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. కారు తలుపు తీసి తాళంచెవి లాక్కుంది.

"మావయ్యా, నాన్న చెవులు ఆ ముల్లులోనే ఉన్నాయి. అది లేకుండా ఆయన బండి తోలకూడదు. మా ఆఫీసులో ఒకాయనకు పాత కార్లంటే పిచ్చి. ఆదివారం వచ్చి తీసుకెళ్తానంటున్నాడు. శనివారం సాయంత్రానికి ముల్లు లేవకపోతే ఇచ్చేస్తాను."

"ఏమంటోంది?" అని బావ నన్ను అడిగాడు. అక్క ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, "బండి అమ్మేస్తుందట," అని చెప్పింది. ఆయన దిగలేదు. తాళంచెవి లేని కారులో స్టీరింగు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

నేను పెట్టిన బాక్సు వల్లే ఆయన బండి పోతోంది. ఆ మాట ఎవరూ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

శుక్రవారం పొద్దున్నే డ్యాష్‌బోర్డు విప్పాను. ఆ మీటరు పద్ధతి వేరు. కాయిల్‌కు వెళ్లే కరెంటు మీటరు లోపలి నుంచి దూరి వెళ్లాలి. వెళ్తున్న కరెంటు ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టి అది ముల్లును కదుపుతుంది. నేనేమో గురువారం తొందరలో బాక్సుకూ కాయిల్‌కూ కలిపి తాళం దగ్గర నుంచి కొత్త వైరు లాగాను. మీటరుకు లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. నా బుద్ధిని నేనే తిట్టుకున్నాను. కాయిల్‌కు మళ్లీ మీటరు మీదుగా పాత వైరే కలపాలి, బాక్సుకు వేరే వైరు ఉంటుంది. అంతే పని అనుకున్నాను.

మీటరు వెనక రెండు స్క్రూలు, రెండు వైర్లు. ఒకటి తాళం నుంచి పై స్క్రూకు వస్తుంది, ఒకటి కింది స్క్రూ నుంచి కాయిల్‌కు పోతుంది. వరద బురదకు కారులో వైర్లన్నీ ఒకే రంగుకు తిరిగాయి. అందుకని విప్పుతూనే నా అలవాటు ప్రకారం ముడులు వేశాను. కరెంటు వచ్చే వైరుకు ఒక ముడి, పోయే వైరుకు రెండు. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చీటీలు రాసి అతికించడం కన్నా ముడి వేయడం నాకు తొందరగా వచ్చింది. ఆ గుర్తు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

స్క్రూల తుప్పు గీకి మీటరు తుడిచేసరికి మధ్యాహ్నమైంది. అక్క కిటికీలోంచి పిలిచింది.

"ఒరేయ్, తిన్నాక ఆ ఇనుముతో కాపురం చేద్దువుగాని, రా."

తిని వచ్చేసరికి బావ కారులో ఉన్నాడు. నన్ను చూసి గబగబా దిగి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఏమిటన్నట్టు చూశాను.

"దుమ్ము దులిపా," అన్నాడు.

ఒక ముడి ఉన్న వైరు పై స్క్రూకు, రెండు ముడులున్నది కింది స్క్రూకు బిగించాను. మేనకోడల్ని అడిగి తాళంచెవి తెచ్చి తిప్పాను. ముల్లు ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ సున్నా మీద వాలింది. ఇంజను వేగం పెంచితే చలిజ్వరం వచ్చినట్టు వణికింది. చుక్క వైపు పోలేదు.

అప్పటి నుంచి సాయంత్రం దాకా చెయ్యని పని లేదు. బ్యాటరీ మార్చాను. ఎర్త్ వైరు కొత్తది వేశాను. కాయిల్ మార్చాను. బాక్సు విప్పి మళ్లీ బిగించాను. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి లేచేటప్పుడల్లా స్టీరింగుకు తల కొట్టుకుంది. నాలుగోసారికి నుదుటి మీద బొప్పి లేచింది. కరెంటు తగిలితే వెలిగే టెస్టు లైటు మెడలో వేలాడుతూనే ఉంది. దాన్ని అన్నిటికీ పెట్టి చూశాను, ఆ రెండు వైర్లకు తప్ప. నేను ముడి వేసిన వైరును మళ్లీ పరీక్షించడం నలభై ఏళ్లలో లేదు.

శనివారం పొద్దున బాక్సు అమ్మిన దుకాణానికి ఫోను చేశాను.

"అంత పాత మీటర్లతో మా బాక్సు కలవదండీ. మధ్యలో ఇంకో చిన్న పెట్టె పెట్టాలి. తెప్పిస్తాం, మూడు వారాలు పడుతుంది."

ఫోను పెట్టేశాను. మేనకోడలు బాక్సుతో వచ్చిన కాగితం చదువుతోంది.

"మావయ్యా, కాయిల్ కరెంటు మీటరులోంచి సరైన దిక్కుగా పోవాలని ఉంది ఇందులో. తిరగబడితే ముల్లు పని చెయ్యదట."

"తెలుసు."

"చూశావా మరి?"

"తెలుసన్నాగా."

ఆమె కాగితం మడిచి సీటు మీద పెట్టి వెళ్లిపోయింది.

బావ వచ్చి నా భుజం తట్టాడు. "వదిలెయ్‌రా. పాత పాయింట్లే పెట్టెయ్. ఆగితే ఆగుతుంది, తోసుకుంటాం."

"ఎవరు తోస్తారు? నా మోకాళ్లా?" అంది అక్క గుమ్మంలోంచి. ఆయన అటు తిరిగి లేడు కాబట్టి ఆ మాట ఆయనకు అందలేదు.

నేను సరేనన్నాను. ఇన్నేళ్ల పనిలో పెట్టిన సామాను తిరిగి పీకడం అదే మొదలు. అన్నీ మొదట ఎలా ఉన్నాయో అలా పెట్టేద్దామని మళ్లీ మీటరు వెనక చెయ్యి పెట్టాను. వేలికి ఏదో గుచ్చుకుంది. వైరు ముందుకు లాగి చూశాను. ముడి దగ్గర పైతొడుగు చిట్లి రాగి తీగ బయటకు వచ్చింది.

నా ముడికి తొడుగు చిట్లదు. పాత వైరని ఎప్పుడూ వదులుగా వేస్తాను, వేలు దూరేంత. ఇవి చీమ తలకాయల్లా చిన్నవి, గట్టివి. తెగిన పోగును మగ్గం మీద అతికే మనిషి వేసే ముడి.

స్క్రూల నుంచి రెండు వైర్లూ విప్పి బావ ముఖం ముందు పెట్టాను.

"ఎవరు వేశారు?"

ఆయన అక్క వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"చిక్కుపడ్డాయనుకుని విప్పా. ముడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు కదా. విప్పాక, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు ఉన్నాయే, కావాలనే వేశాడేమో అనిపించింది. ఇంతలో నువ్వు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కనబడ్డావు. మళ్లీ వేసేశా."

"ఏది దేనికో చూసుకోకుండానా?"

"చూసే వేశా. ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు."

"రెండు రోజులు, బావా," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఎదురింట్లో తలుపు తెరుచుకుంది. "రెండు రోజులు నా తల పగలగొట్టుకున్నాను."

"అరవకురా, నాకు వినపడదు," అన్నాడు బావ.

అక్క మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చింది. "ఆయనకు చెవులు లేవు, సరే. నీకు నోరేమైంది? ఆ ముడికో అర్థం ఉందని ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చు కదా. చిన్నప్పుడు కడుపునొప్పి వచ్చినా చెప్పేవాడివి కాదు."

తాళంచెవి సగం తిప్పి, మెడలోంచి టెస్టు లైటు తీసి రెండు ముడుల వైరుకు ఆనించాను. వెలిగింది. కరెంటు వచ్చే వైరు అదే. నిన్నటి నుంచి దాన్ని పోయే వైరని నమ్మి కూర్చున్నాను. చిట్లిన చోట టేపు చుట్టి, కింది వైరు పైకి, పై వైరు కిందికి మార్చాను. రెండు నిమిషాల పని.

తాళంచెవి తిప్పాను. ముల్లు లేచి ఎనిమిది దగ్గర నిలబడింది. కాలు నొక్కాను. నెమ్మదిగా ఎక్కి ఎర్రచుక్కను తాకింది. బావ కిటికీలోంచి వేలు పెట్టి అద్దం మీద ముల్లు వెంట గీత గీసినట్టు కదిపాడు.

సాయంత్రం మేనకోడలు తండ్రి పక్కన కూర్చుని బజారు దాకా వెళ్లి వచ్చింది. గేరు ఒక్కసారి కూడా మొరాయించలేదట. కారు దిగకుండానే ఆఫీసు ఆయనకు ఫోను చేసి రేపు రావద్దని చెప్పింది. బావ స్టీరింగు వదిలి నా వైపు చెయ్యి ఊపాడు. అక్క టీ తాగి వెళ్లమంది. నాకు ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. వద్దని చెప్పి నడుచుకుంటూ ఇంటికి పోయాను.

తెల్లవారి లేచి మళ్లీ వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎవరినీ పిలవకుండా డ్యాష్‌బోర్డు విప్పాను. రెండు వైర్ల ముడులూ విప్పేసి, తెల్ల టేపు ముక్కలు చుట్టాను. మేనకోడలి పెన్ను అడిగి తీసుకుని ఒకదాని మీద 'రాక' అని, రెండోదాని మీద 'పోక' అని రాశాను. 'పో' రెండుసార్లు చెడింది, టేపు పీకి మళ్లీ రాశాను. బావను చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ రెండు మాటలూ వేలితో చూపించాను. ఆయన చదివి తల ఊపాక డ్యాష్‌బోర్డు బిగించాను.