తేనెటీగల కూలి

లాక్‌డౌన్ పెట్టిన నాటి నుంచీ కూరగాయల వ్యాను హారన్ వింటే చాలు, పెద్దకోడలికి ఒళ్లు మండిపోతోంది. పెళ్లిళ్లు లేవు, పూల అంగళ్లు తెరవరు. ఆమె బంతిపూలను అడిగే దిక్కు లేదు. కోయకుండా వదిలేస్తే గింజ కట్టి, చెట్టు మొగ్గ తొడగడం మానేస్తుంది. అందుకని రోజూ కోసి గట్టు మీద పారబోస్తోంది. ఆ గట్టుకు అవతలే తోటికోడలి దోసతోట. కూరగాయలకు అనుమతి ఉంది కాబట్టి వ్యాను నేరుగా అక్కడికే వస్తోంది.

దోసగింజలు నాటిన రోజున "ఎవరు తింటారే అన్ని కాయలు?" అని నవ్వింది తానే. ఇప్పుడు ఊరూరా తింటున్నారు.

"ఏమయ్యా, నాగలి కట్టు. ఈ తోట దున్నేద్దాం," అంది మొగుడితో.

"మార్కెట్టు తెరిచిన రోజున పూలుండేది మనకేనే. కాస్త ఓపిక పట్టు."

"దాని వ్యాను చూస్తూనా? నావల్ల కాదు."

ఎడ్లు చేలో దిగేసరికి చిన్నకోడలు మాస్కు సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, దున్నొద్దు! నీ బంతిపూలకు వచ్చే తేనెటీగలే నా దోసపూల మీదా వాలుతున్నాయి. అవి రాకపోతే నాకు పిందె నిలవదు."

కడుపులో మంట కాస్తా పెద్దకోడలి నెత్తికెక్కింది.

"ఇల్లు కాలి నేనేడుస్తుంటే, చుట్టకు నిప్పు దొరికిందని మురుస్తున్నావన్నమాట!"

"అలా అనకక్కా. నా తోటలో నాలుగు వరుసల కాయలు నువ్వే కోసుకో. మా వ్యానులోనే పంపించు."

"ముష్టి వేస్తున్నావటే?"

"ముష్టేంటి, కూలి! పని నీ ఈగలు చేస్తున్నాయి. జీతం వాటికెలా ఇవ్వను?"

మొగుడు నవ్వు దాచుకోవడానికి ఎడ్ల వైపు తిరిగాడు. పెద్దకోడలు గట్టు మీద వాడిపోయిన పూలగుట్టను చూసింది. తీగల కింద బలిసిన కాయలను చూసింది.

"వరుసలు నేనే ఏరుకుంటా," అంది.

"ఏరుకో తల్లీ."

పిందె దట్టంగా ఉన్నవి చూసి మరీ ఏరుకుంది. ఎడ్లు ఇంటిదారి పట్టాయి.

మర్నాడు పొద్దున్నే ఈగల కోసమని సగం బంతిపూలు చెట్లకే ఉంచేసి, గట్టు మీద నిలబడి దోసతోట వైపే చూస్తోంది. చిన్నకోడలు బుట్టతో వచ్చింది.

"ఏంటక్కా, కాయలు కోయవా?"

"ఏం కోసేది! నా వరుసల మీద ఒక్క ఈగా వాలడం లేదు. అన్నీ నీ వైపే పోతున్నాయి."

కొంగు విసురుతూ ఈగలను అదిలించడం మొదలుపెట్టింది.

"తినేది నా తోటలో, ఊడిగం దానికా? ఇటు రండే, ఇటు!"