పైగదిలోంచి చూసిన తోట

ఇంటికీ తోటకీ మధ్య ఒక రాతిగోడ ఉంది. నడుమెత్తు కూడా ఉండదు. కాళ్ళనొప్పులున్న ముసలమ్మయినా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దాటేస్తుంది. కానీ తండ్రి పోయి, ఆస్తి పంచుకున్న దగ్గర్నుంచీ అన్నదమ్ములిద్దరూ ఆ గోడ దాటలేదు. ఇల్లూ, ఇంటి కింద నేలమాళిగా పెద్దోడికి వచ్చాయి. ద్రాక్షతోటా, తోట చివరున్న చిన్న ఇల్లూ చిన్నోడికి వచ్చాయి. పెద్దోడు, చిన్నోడు అన్నవి వాళ్ళమ్మ పిలిచిన పిలుపులు. ఇద్దరికీ తలలు నెరిశాయి కానీ ఆ పిలుపులు మాత్రం వదల్లేదు.

పంపకాల దగ్గర గొడవేమీ రాలేదు. గొడవంతా ఆ సాయంత్రం నోరుజారిన ఒక్క మాటతో వచ్చింది. "నాన్న లేకుండా నువ్వు పండించే కాయ ఎవడు కొంటాడ్రా" అన్నాడు పెద్దోడు. సరదాకే అన్నాడు. చిన్నోడికి నవ్వు రాలేదు. "ఇక నీ గడప తొక్కను" అన్నాడు. "తొక్కమని ఎవరు బతిమాలారు" అన్నాడు పెద్దోడు. అంతే, ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయాయి.

తర్వాత పెద్దోడు ఇంటిని హోటల్ చేశాడు. అది మామూలు హోటల్ కాదు. వైన్ అంటే ప్రాణం పెట్టే డబ్బున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగే చోటు. ప్రతి గదికీ నిలువెత్తు కిటికీ, కిటికీ పక్కనే స్నానాల తొట్టి, మంచు ముద్దల్లాంటి పరుపులు. తొట్టిలో నడుం వాల్చి చూస్తే ఎదురుగా తోట. వాళ్ళు వచ్చేదే దానికోసం. ఆ తోటేమో చిన్నోడిది.

పొద్దున్నే అతను తీగల మధ్య వంగి పనిచేస్తుంటే కిటికీల్లోంచి ఎవరెవరో చెయ్యి ఊపేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను తనూ ఊపడం మొదలుపెట్టాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటాడు?

ఈ ఏడు కాయ విరగ్గాసింది. కాసి ఏం లాభం? ఏటా కొనే రసం ఫ్యాక్టరీ వాళ్ళు ఈసారి వద్దన్నారు. మీది పాత రకం, గింజెక్కువ, రసం తక్కువ అన్నారు. చిన్నోడు ఎక్కని గుమ్మం లేకుండా తిరిగాడు. ఎవరూ కొనలేదు. చివరికి విసుగెత్తి, తవ్వే మిషన్ అతనికి కబురు పెట్టాడు. కాయ పిట్టలకి వదిలేసి, తీగలన్నీ వేళ్ళతో సహా పీకించేద్దామని.

ఆ మాట ముందు వదినకే చెప్పాడు. రెండిళ్ళ మధ్యా రాకపోకలున్నది ఆవిడకొక్కదానికే. గోడ మీద చేతులానించి నిలబడి అంతా విన్నది.

"పీకేసి ఏం వేస్తావు?"

"ఉల్లిపాయలు."

"మా అతిథులు తొట్టిలో పడుకుని ఉల్లిపాయలు చూడాలా?"

"చూడనీ. కళ్ళు శుభ్రపడతాయి."

"ఎన్నేళ్ళ తీగలయ్యా అవి. మీ అన్నతో ఒక్క మాట అనరాదూ?"

"మీ ఆయన్నే అనమను."

"మీ ఇద్దరికీ ఒకటే మూతి, ఒకటే ముడుపు" అని వదిన విసుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి గోడ దాటి తోటలోకి వచ్చాడు. హోటల్లో దిగిన మనిషి. గుత్తుల్ని చేత్తో నిమిరి, "ఈ తోట మీదేనాండీ?" అన్నాడు.

"నాదేనండి."

"రాత్రి మీ వైన్ తాగాను. ఎన్నో చోట్ల తాగాను కానీ ఇలాంటిది తాగలేదండీ. చెప్పి వెళ్దామని వచ్చాను."

చిన్నోడి చేతిలో కత్తెర ఆగిపోయింది. తండ్రి పోయాక ఈ తోట కాయతో ఎవరూ వైన్ చెయ్యలేదు. "ఏ వైనండీ?" అన్నాడు.

"అదే, హోటల్లో పోస్తారుగా. కిటికీలోంచి తోట చూస్తూ తాగుతాం కదా" అని చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్ళాడాయన.

చిన్నోడికి ఆ పూట అన్నం సయించలేదు. తన కాయ ఎవరికీ పనికిరాదు, కానీ తన తోటని చూపించి ఎవరిదో వైన్ పోస్తున్నారు. గోడ మీంచి అరుద్దామనుకున్నాడు. అరిస్తే అన్న లోపలికి పోయి తలుపేసుకుంటాడు. ఆలోచించి ఆలోచించి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడ దాటకుండా వీధి చుట్టూ తిరిగి హోటల్ ముందు గుమ్మంలోంచి వెళ్ళాడు.

బల్ల వెనకాల వదిన కూర్చుని ఉంది.

"గది కావాలి" అన్నాడు.

వదిన ఎగాదిగా చూసింది. "ఎవరికి?"

"నాకే. ఈ రాత్రికి."

"గడప తొక్కనన్నావు?"

"అది ఇంటి గడప. ఇది హోటలు. హోటల్‌కి ఎవడైనా రావచ్చు."

"రావచ్చు. బూట్ల మట్టి మాత్రం బయట దులుపుకునిరా, ఇప్పుడే తుడిపించాను" అని పై అంతస్తు మూలగది తాళం చేతిలో పెట్టింది.

అప్పుడే పెద్దోడు హాల్లోకి వచ్చాడు. తమ్ముణ్ణి చూసి కొయ్యబారిపోయాడు. పక్కనే అతిథులు కూర్చుని ఉన్నారాయె. ఎలాగో నోరు పెగుల్చుకుని, "రండి రండి. ప్రయాణం బాగా జరిగిందాండీ?" అన్నాడు.

"బాగా జరిగిందండీ. గోడ అవతల నుంచే కదండీ" అన్నాడు చిన్నోడు.

వదిన గబగబా బల్ల కిందికి వంగి, పడిపోని పెన్ను వెతుక్కుంది.

మూలగది అంటే చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్న గది. ఇప్పుడు గుర్తుపట్టలేనట్టుంది. గోడలకి కొత్త రంగు, కాళ్ళు మునిగే తివాచీ. చిన్నోడు తెర పక్కకి లాగాడు.

పొద్దు వాలుతోంది. కింద తోట పరుచుకుని ఉంది. ఇన్నేళ్ళూ తోటలో నిలబడే తోటని చూశాడు. అక్కణ్ణుంచి చూస్తే కనపడేది ఆకుమచ్చ, తెగిన తీగె, ఎండిన కొమ్మ. ఎప్పుడు చూసినా చెయ్యాల్సిన పనే కనపడేది. పైనుంచి చూస్తే వరుసలన్నీ వాలు పొడుగునా, దువ్విన జుట్టులా దిగిపోతున్నాయి. ఎవరు దువ్వారు? ఏటా కత్తెర పట్టుకుని తనే దువ్వాడు. చెయ్యి ఊపేవాళ్ళు ఇంతకాలమూ దీన్ని చూస్తున్నారన్నమాట. నాలుగో వరుసలో ఒక మొక్క చచ్చిపోయి సందు కనపడుతోంది. అక్కడ కొత్త అంటు నాటాలి అనుకున్నాడు. అనుకున్నాక మిషన్ సంగతి గుర్తొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

తలుపు చప్పుడైంది. పెద్దోడు సీసా, రెండు గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు. తలుపు మూసుకోగానే అతిథి మర్యాద కాస్తా పోయింది.

"ఎందుకొచ్చావురా?"

"నా వైన్ బాగుందట. రుచి చూసిపోదామని."

పెద్దోడు ఒక గ్లాసులో పోసి ఇచ్చాడు. చిన్నోడు వాసన చూసి, గుటక వేసి, కాసేపు నాలుక మీద ఉంచుకుని మింగాడు.

"బాగుంది. ఎవరిది?"

"కొండ అవతల వాళ్ళది."

"ఈ తోటదని చెప్తున్నావట."

"నేనెప్పుడూ చెప్పలేదురా. వాళ్ళే అనుకుంటారు."

"కాదని చెప్పావా మరి?"

పెద్దోడు తన గ్లాసులో కూడా పోసుకున్నాడు. "మొదట్లో చెబుదామనే అనుకున్నా. నోరు రాలేదు. తర్వాత అలవాటైపోయింది" అన్నాడు.

"నా దగ్గరే కాయ కొని చేసి ఉండొచ్చుగా?"

"నాకు అమ్మేవాడివా?"

చిన్నోడు నిజాయితీగానే ఆలోచించాడు. "అమ్మేవాణ్ణి కాదు" అన్నాడు.

"మిషన్‌ని పిలిచావట, మీ వదిన చెప్పింది. పీకెయ్యకురా. నేను కొంటాను. ఇక్కడే చేద్దాం."

"ఒక మాట చెప్తా విను. రేపు పొద్దున వస్తాడు మిషన్ అతను. ఈ రాత్రి భోజనాల దగ్గర లేచి, ఈ వైన్ ఈ తోటది కాదని అందరికీ చెప్పు. చెప్తే తీగలు ఉంటాయి. చెప్పకపోతే పోతాయి."

"గదులు ఖాళీ అవుతాయిరా."

"అయితే నువ్వూ నేనూ చెరో కిటికీలో కూర్చుని ఉల్లిపాయలు చూసుకుందాం."

పెద్దోడు సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. చెప్తానని అనలేదు, చెప్పననీ అనలేదు.

భోజనాల హాల్లో చిన్నోడు ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. సూపు వచ్చింది, పోయింది. పెద్దోడు గ్లాసులు నింపుతూ అందరి మధ్యా తిరుగుతున్నాడు కానీ తమ్ముడి వైపు చూడటం లేదు. ఇక చెప్పడులే అని చిన్నోడు కుర్చీ వెనక్కి జరిపే వేళకి, పెద్దోడు హాలు మధ్యలో ఆగిపోయాడు.

"ఒక్క మాట చెప్పాలండీ. మీరు తాగుతున్న వైన్ ఈ తోటది కాదు. కొండ అవతలిది. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

చెంచాలన్నీ ఆగిపోయాయి. టోపీ ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అంటే పొద్దున నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది ఎందుకండీ? మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారు" అని లేచి వెళ్ళిపోయాడు. ఒక జంట మొహమొహాలు చూసుకుని, బాగానే ఉందిగా, ఇంకాస్త పొయ్యండి అన్నారు. మిగతావాళ్ళు గుసగుసలు పోయారు. అప్పుడు కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ అడిగింది.

"మరి ఈ తోట వైన్ ఎక్కడుంది?"

పెద్దోడు తమ్ముడి వైపు తిరిగాడు. అంతమందిలో నోరు విప్పాలని చిన్నోడు అనుకోలేదు. అయినా లేచాడు.

"తీగల మీదుందండి. ఇంకా కొయ్యలేదు."

"ఎప్పుడు తాగొచ్చు?"

"కొయ్యాలి, పులియాలి, పీపాలో నిద్రపోవాలి. రెండేళ్ళు పడుతుందండీ."

"రెండేళ్ళా? అయితే ఇకనుంచి డాక్టరు మాట వినాలన్నమాట. నాకో సీసా దాచండి" అంది ఆవిడ. ఎవరో నవ్వారు. దాంతో హాల్లో మళ్ళీ చెంచాల చప్పుడు మొదలైంది.

పొద్దున్నే చిన్నోడు మిషన్ అతనికి ఫోన్ చేసి రావద్దన్నాడు. బయల్దేరిపోయానే అన్నాడతను. "వచ్చి టీ తాగి వెళ్ళు, తవ్వడం మాత్రం లేదు" అన్నాడు చిన్నోడు. టోపీ ఆయన గది ఖాళీ చేసి, పెట్టె మోసిన పెద్దోడి మొహం కూడా చూడకుండా కారెక్కాడు. ఇంకో గది వాళ్ళూ వెళ్ళిపోయారు. కారు వెళ్ళిన వైపే చూస్తూ పెద్దోడు చాలాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. చిన్నోడు వచ్చి, "పీపాలు చూద్దాం పద" అని భుజం తట్టాడు.

నేలమాళిగలో తండ్రి పీపాలు ఉన్నాయి, అలంకారానికి. వాటి మీద కొవ్వొత్తులు పెట్టారు. ఏళ్ళ తరబడి ఎండి చెక్కలు సందులు విచ్చాయి. ఇద్దరూ బక్కెట్లతో నీళ్ళు మోసి పోశారు. పోసిన నీళ్ళు పోసినట్టే చిమ్ముకుంటూ బయటికి వచ్చేశాయి. చెక్క తడిసి ఉబ్బితే తప్ప సందులు పూడవు. సాయంత్రం దాకా పోస్తూనే ఉన్నారు. రెండు పీపాలు నిలిచాయి. మూడోది ఎంత పోసినా నిలవలేదు. దాన్ని గోడవారకి దొర్లించేశారు.

"ఎల్లుండి కోసేద్దాం" అన్నాడు పెద్దోడు, ప్యాంటు పిండుకుంటూ.

చిన్నోడు జేబులోంచి కాయ తీసి, గింజ కొరికి చూశాడు. "గింజ ఇంకా చేదుగా ఉంది. ఆగాలి."

"వాన పడితే?"

"పడదు."

"నీకు చెప్పిందా వాన?"

"తోట నాది. ఎప్పుడు కొయ్యాలో నేను చెప్తా."

"పీపాలు నావిరా. ఎప్పుడు పొయ్యాలో నేను చెప్తా."

గొంతులు పెరిగాయి. వదిన మెట్ల మీద నుంచి తొంగిచూసింది. "మీరు మాట్లాడుకోనన్నాళ్ళూ ఇల్లు ప్రశాంతంగా ఉండేదయ్యా. పైన అతిథులకి అంతా వినపడుతోంది."

"విననీ వదినా. ఇంక దాచేదేముంది" అని చిన్నోడు ఇంకో కాయ కొరికి, నోట్లో గింజ అటూఇటూ తిప్పుతూ, మరో కాయ అన్నకి అందించాడు.