చుక్క తప్పిన తొట్టి

రొబర్టా ఎచావె విడాకులు తీసుకున్నది మొగుడు లైల్ హాచ్‌కిస్ నుంచే గానీ, అతని అన్న వెండెల్ నుంచి కాదని బర్న్స్ ఊళ్ళో జనం నవ్వుతూ అంటారు. మాట ఎలా వినిపించినా అందులో పెడర్థమేమీ లేదు. కోర్టులో జడ్జి లైల్ తాగుడు గురించి అడిగినప్పుడు వెండెల్, తమ్ముడు కదా అని మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. దాంతో కూతురు రొబర్టా దగ్గరే పెరిగింది. అన్నదమ్ములకు మాత్రం ఆ రోజు నుంచి మాటల్లేవు. తరవాత కొన్నాళ్ళకు వెండెల్ పనిచేసే మేతభూముల ఆఫీసులోనే రొబర్టాకూ ఉద్యోగం దొరికింది. ఇద్దరికీ ఒకటే ట్రక్కు ఇచ్చారు. పెళ్ళి పోయినా పిలుపు పోలేదు. ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది, అతను కోపం వస్తే మరదలా అంటాడు.

వాళ్ళ పని నీళ్ళు వెతకడం. ఆ ఎండు కొండల్లో ఆవులు తాగే ఊటలూ, గొట్టాలూ, తొట్లూ ఎక్కడెక్కడున్నాయో ఫోనులోని మ్యాపులో చుక్కలుగా ఉంటాయి. ఒక్కో చుక్క దగ్గరికీ వెళ్ళాలి. నీళ్ళున్నాయా, గొట్టం పగిలిందా, తొట్టి కారుతోందా చూసి, చుక్క మీద నొక్కి నమోదు చేయాలి. కొండల్లో సిగ్నలుండదు గనక ఆ మ్యాపును పొద్దున్నే ఆఫీసులో ఫోనులోకి దింపుకుని బయల్దేరతారు. రొబర్టా ఆఫీసువాళ్ళిచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకుని ముందుకు కదిలే మనిషి. వెండెల్ అలా కాదు. కింద ఖాళీగా ఉన్న గడిలో బొటనవేలితో ఏదో ఒకటి కొట్టందే కదలడు. 'ఎడమవైపు రేగడి, బండి దిగబడుతుంది.' 'గేటు గొలుసు తుప్పు.' 'ఇక్కడ గుడ్లగూబ.'

అలాంటిదొకటి చూసినప్పుడల్లా, "ఆ గుడ్లగూబకి నువ్వు రాసింది ఎవరు చదివిపెడతారు బావా?" అని రొబర్టా ఏడిపించేది.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు వాళ్ళు, మైదానం ఒక్కసారిగా గోడలా కిందికి తెగిపోయే తూర్పు అంచు వైపు వెళ్ళారు. పడమట ఎక్కడో అడవులు తగలబడుతున్నాయి, ఆకాశమంతా పలచగా పొగ. మధ్యాహ్నం మట్టిరోడ్డు పక్కన ఒక గేటు దగ్గర ట్రక్కు ఆపుకుని తిన్నారు. రొబర్టా రొట్టెలో చొరీసో అనే కారపు మాంసం ముక్కలు పెట్టుకు తెచ్చింది, అతనిది ఎప్పటిలాగే వేరుశనగ ముద్ద రాసిన రొట్టె. తిన్నాక రోడ్డుకు తూర్పున్న చుక్కలు తను చూస్తానని చెప్పి వెండెల్ ట్రక్కు వెనకున్న చిన్న నాలుగు చక్రాల మోటారు బండి దించుకుని వెళ్ళాడు. పడమటివి రొబర్టా ట్రక్కులో చూసుకోవాలి. సాయంత్రం ఇదే గేటు దగ్గర కలవాలి. ఏ తొట్టి తరవాత ఏ తొట్టి అని ఇద్దరూ అనుకోలేదు. ఎప్పుడూ అనుకునేవాళ్ళు కాదు.

ఆమె ఒక ఊట దగ్గర ఒంగి గొట్టంలో ఇరుక్కున్న నాచు పీకుతుండగా నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. వెండెల్ గొంతే, కానీ ముక్కలు ముక్కలుగా వస్తోంది. జారి పడ్డానన్నాడు. తుంటి అన్నాడు. లేవలేనన్నాడు. ఫోను నీళ్ళలో పడిందన్నాడు.

"ఎక్కడున్నావు?" అని అడిగింది రొబర్టా.

గరగర. "బాత్‌టబ్ దగ్గర," అన్నాడు. మళ్ళీ గరగర. ఆ తరవాత ఎంత పిలిచినా పలకలేదు.

ఆమె చేతులు ప్యాంటుకు తుడుచుకుని ట్రక్కు దగ్గరికి పరుగెత్తింది. ఆపద వేళల కోసం ట్రక్కులో ఉపగ్రహంతో మాట్లాడే చిన్న పెట్టె ఉంది. మీట నొక్కి, మనిషి పడ్డాడు, తుంటి విరిగినట్టుంది అని పంపింది. జవాబు తొందరగానే వచ్చింది. హెలికాప్టరు సిద్ధం చేస్తున్నాం, పడిన చోటు కచ్చితంగా చెప్పండి అన్నారు. రోడ్డుకు తూర్పున, బాత్‌టబ్ దగ్గర అంటే హెలికాప్టరు నడిపేవాడు ఏం చేసుకుంటాడు?

రొబర్టా తన ఫోనులో మ్యాపు తెరిచి, వెతికే గడిలో 'తొట్టి' అని కొట్టింది. తూర్పు వైపంతా తట్టు పోసినట్టు చుక్కలే వెలిగాయి. అక్కడున్నవన్నీ తొట్లే మరి. చెరిపేసి 'బాత్‌టబ్' అని కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది. అక్షరాలు తప్పు పడ్డాయేమోనని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట. ఆ ప్రాంతంలో రైతులు ఇళ్ళలో పాతబడ్డ స్నానాల టబ్బులు తెచ్చి ఊటల కింద పెట్టడం మామూలే. ఆఫీసు లెక్కలో మాత్రం అవన్నీ 'తొట్టి, ఇనుము' కిందే పోతాయి. దాన్ని బాత్‌టబ్ అని ఎక్కడైనా రాసేవాడుంటే అది వెండెల్ ఒక్కడే.

అప్పుడు ఆమెకు తట్టింది. పైనున్న గడి చుక్కల పేర్లూ నంబర్లూ మాత్రమే వెతుకుతుంది. వెండెల్ రాసే రాతలు దానికి కనిపించవు. వాటిలో వెతకాలంటే పక్కనున్న జల్లెడ గుర్తు నొక్కి, ఏ గడిలో వెతకాలో విడిగా చెప్పాలి. ఆ పని ఎలాగో వసంతంలో శిక్షణలో చూపించారు, ఆమె అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ఒక్కో మీటా నొక్కి చూసింది. ఒకసారి చుక్కలన్నీ మాయమైతే వెనక్కి వచ్చింది. చివరికి ఆ గడి దొరికింది. 'బాత్‌టబ్' అని కొట్టింది. మళ్ళీ ఏమీ లేదు.

"ఏం రాసి చచ్చావు బావా," అని పైకే అంది.

బొటనవేలితో కొట్టేవాడు అంత పొడుగు మాట కొట్టడు. ఆమె ముందు భాగం చెరిపేసి 'టబ్' అని మాత్రం ఉంచింది. మూడు చుక్కలు వెలిగాయి. మూడూ అతను నిరుడు రాసినవే. ఒకటి రోడ్డుకు దగ్గర్లో, ఇంకొకటి జూనిపర్ చెట్లున్న వంకలో, మూడోది దూరంగా తూర్పు అంచు మీద.

ఆగి ఆలోచించాల్సింది. కానీ కాళ్ళు ఆగలేదు. దగ్గరిదాని దగ్గరికి ట్రక్కు తోలింది. టబ్ ఉంది, నిండా నీళ్ళున్నాయి, ఒక దూడ మూతి ముంచి తాగుతోంది. వెండెల్ లేడు, చక్రాల జాడ కూడా లేదు. గొంతు పోయేలా అరిచింది. దూడ బెదిరి పోయింది తప్ప ఎవరూ పలకలేదు. తిరిగి ట్రక్కెక్కి అక్కడే ఉన్న మిట్ట మీదికి పోనిచ్చింది. ఎత్తుకు వచ్చాక వాకీటాకీ మళ్ళీ గరగరమంది.

"రొబర్టా." ఈసారి గొంతు నీరసంగా ఉంది.

"వింటున్నాను, చెప్పు. నీకేం కనిపిస్తోంది? ఎదురుగా ఏముంది?"

"రాయి. అంతా రాయే. ఎండ పోయింది ఇక్కడ, చలేస్తోంది."

ఆమె నెత్తిన ఇంకా ఎండ మండుతోంది. చుట్టూ చూస్తే మైదానమంతా వెలుగే. ఆ వేళప్పుడు నీడ పడాలంటే పడమట గోడలా కొండ అడ్డం ఉండాలి. జూనిపర్ వంక అంత లోతుండదు. తూర్పు అంచు కింద అయితే మధ్యాహ్నం దాటగానే చీకటి పడ్డట్టే ఉంటుంది. వస్తున్నానని చెప్పి ఆమె ట్రక్కు తిప్పింది.

అంచు దాకా దారి ఉందంటే ఉంది, లేదంటే లేదు. రాళ్ళ మీద ట్రక్కు ఎగిరెగిరి పడుతుంటే, అతను చచ్చిపోతే లైల్‌కి ఎవరు చెప్పాలన్న ఆలోచన ఎందుకో వచ్చింది. ఇంకెవరున్నారు చెప్పడానికి, నేనే అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తాను తిట్టుకుంది.

చుక్క ఉన్న చోటికి చేరేసరికి అక్కడ వెండెల్ బండి ఉంది. హెల్మెట్ దాని మీదే ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ టబ్ లేదు, నీళ్ళ జాడ లేదు, ఎండిన సేజ్ పొదలూ నల్లరాయీ తప్ప ఏమీ లేవు. ఫోనులో చూస్తే తను సరిగ్గా చుక్క మీదే నిలబడి ఉంది. ఎప్పుడో ఎవరో గదిలో కూర్చుని, పై నుంచి తీసిన ఫొటో చూసి పెట్టిన చుక్క అది. నీళ్ళు అంచు కిందే ఉండాలి, కానీ దిగే దారెక్కడ?

కాళ్ళ కింద నేల చూసింది. ఆవుల కాలిబాటలు నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒకచోట కలిసి, అంచులో ఉన్న సందులోంచి కిందికి దిగుతున్నాయి. ఆవుకు మ్యాపుతో పనిలేదు. ఆమె ఉపగ్రహపు పెట్టె జేబులో పెట్టుకుని, దుప్పటీ నీళ్ళ సీసా తీసుకుని ఆ బాట పట్టి దిగింది.

రాతిగోడ అడుగున, సన్నటి ఊట కింద, కాళ్ళు విరిగిన పాత తెల్ల టబ్ కనిపించింది. దాని పక్కన వెండెల్ వెల్లకిలా పడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. గొట్టం సరిచేద్దామని టబ్ అంచు మీద కాలుపెట్టాడట, నాచు ఉందట.

"నీ వయసుకి టబ్బులెక్కడమెందుకు?" అంది ఆమె, దుప్పటి కప్పుతూ.

"నీ వయసుకి ఇంత ఆలస్యమెందుకు?" అన్నాడు అతను. తరవాత కళ్ళు మూసుకున్నాడు.

ఆమె పెట్టెలోంచి తనున్న చోటు పంపింది. చుక్క ఉన్న చోటు కాదని, కింద గోడ అడుగున అని కూడా రాసింది. బయల్దేరుతున్నామని జవాబు వచ్చింది. ఇక ఎదురుచూడటమే. అతని కాలు కదపలేదు, బూటు విప్పలేదు. తల కింద తన కోటు మడిచి పెట్టి, పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నిద్రపోనివ్వకూడదని ఏవేవో మాట్లాడింది. కూతురు ఇడాహోలో నర్సింగ్ చదువు పూర్తిచేస్తోందని, క్రిస్మస్‌కి పెదనాన్న వండే లేడిమాంసం కూర కోసమే వస్తానందని చెప్పింది. అతను కొన్నింటికి ఊఁ కొట్టాడు, కొన్నింటికి కొట్టలేదు.

కాసేపటికి తనంతట తనే, "లైల్‌కి చెప్పొద్దు," అన్నాడు.

"ఎందుకు?"

"జాలిపడి వస్తాడు. నాకు వద్దు అది."

"రాకపోతే?"

వెండెల్ మొహం రాతిగోడ వైపు తిప్పుకున్నాడు. ఆమెకు అర్థమైంది. అతనికి అసలు భయం అదే.

హెలికాప్టరు అంచు మీద దిగింది. నలుగురు మనుషులు ఆవుల బాటలోంచే స్ట్రెచరు దించుకొచ్చి అతన్ని పైకి మోశారు. బాయిసీ నగరానికి తీసుకెళ్తున్నామన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి రొబర్టాను, మీరు ఆయనకేమవుతారని అడిగింది. రొబర్టా ఒక్క క్షణం తడబడింది. మరదల్ని అంది. చట్టం దాన్ని ఒప్పుకోదని ఆమెకు తెలుసు. ఆ అమ్మాయి మాత్రం తలూపి రాసుకుంది.

సిగ్నలున్న రోడ్డు ఎక్కాక రొబర్టా ట్రక్కు ఆపి లైల్‌కి ఫోన్ చేసింది. అతను వెంటనే ఎత్తాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. మీ అన్న నీకు చెప్పొద్దన్నాడు, నేనే చెప్తున్నాను అని కూడా చెప్పింది.

"తాగి ఉన్నావా?" అని అడిగింది.

"లేదు. రెండేళ్ళైంది," అన్నాడు లైల్. "ఏ ఆసుపత్రి?"

ఆమె బాయిసీ చేరేసరికి తెల్లారింది. లైల్ ఆమెకంటే ముందే వచ్చి, ఆపరేషను గది బయట టోపీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. బాగా సన్నబడ్డాడు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఆసుపత్రి కాఫీ తాగారు. ఏ పాత సంగతీ ఎత్తలేదు. వెండెల్‌కి స్పృహ వచ్చిందని నర్సు చెప్పాక రొబర్టా లేవలేదు. నువ్వు వెళ్ళు అని లైల్‌తో అంది. తలుపు మూసుకుంది. లోపల ఏమనుకున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. లైల్ బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేరుగా వెళ్ళి, అన్నకిష్టమైన పుల్లటి ఆపిల్ రసం ఎక్కడ దొరుకుతుందని నర్సుని అడిగాడు.

ఆ చలికాలమంతా వెండెల్ చేతికర్రతోనే ఉన్నాడు. డాక్టరు ఇక కొండలెక్కొద్దన్నాడు. ఆఫీసులో కుర్చీ వేసి, తప్పు చోట ఉన్న చుక్కల్ని సరిచేసే పని అతనికి అప్పగించారు. అంచు మీది చుక్కను కిందికి జరిపింది మాత్రం రొబర్టానే. అతను పడిన మరుసటి వారమే ఆమె ఒక్కతే అక్కడికి వెళ్ళి, టబ్ పక్కన నిలబడి ఆ పని చేసింది. నాచు గీకి, గొట్టం బిగించి వచ్చింది.

వారానికి రెండుసార్లు వెండెల్‌ని కాలి వ్యాయామాలకు తీసుకెళ్ళేది లైలే. దారిలో ఏం మాట్లాడుకుంటారు బావా అని ఒకరోజు రొబర్టా అడిగింది.

"ఏం లేదు," అన్నాడు వెండెల్. "వాడు బండి తోలుతాడు. నేను రేడియో పెడతాను. వాడు కట్టేస్తాడు. నేను మళ్ళీ పెడతాను."